భారత జట్టుకు ఫాస్ట్ బౌలర్లు: ఎంపిక, తయారీపై తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలను మైదానానికి పంపే తల్లిదండ్రులు, జిల్లా స్థాయిలో ఆడుతున్న కుర్రాళ్లు, టెస్టు క్రికెట్‌ను శ్రద్ధగా చూసే అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. కొన్నింటికి జవాబు రెండు వాక్యాల్లో తేలిపోతుంది. వెన్నెముక గురించి, ఓవర్ల లెక్క గురించి మాత్రం కాస్త ఓపికగా చదవవలసి ఉంటుంది, ఎందుకంటే మన దేశం ఎక్కువమంది బౌలర్లను పోగొట్టుకున్నది అక్కడే.

స్పిన్నర్లకు లోటు లేని దేశంలో ఫాస్ట్ బౌలర్లు ఇన్నేళ్లు ఎందుకు రాలేదు?

అసలు రాలేదనడం సరికాదు. 1932 జూన్‌లో సి.కె.నాయుడు నాయకత్వంలో లార్డ్స్‌లో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టులోనే మహమ్మద్ నిసార్ తొలి ఇన్నింగ్స్‌లో 93 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. అవతలి ఎండ్ నుంచి బౌలింగ్ చేసిన అమర్ సింగ్ కూడా ఆ కాలపు మేటి బౌలర్లలో ఒకడు. వాళ్లిద్దరి తర్వాత ఆ వరుసను నిలబెట్టే ఏర్పాటు ఏదీ జరగలేదు. దేశవాళీ పిచ్‌లు నెమ్మదించాయి. కొత్త బంతి మెరుపు ఎంత త్వరగా పోతే స్పిన్నర్లకు అంత త్వరగా బంతి అందుతుందన్న ఆలోచన స్థిరపడింది. రెండు మూడు ఓవర్లు వేసి పక్కకు తప్పుకునే పనికి నిజమైన ఫాస్ట్ బౌలర్ అవసరమే లేదు కదా! 1967లో బర్మింగ్‌హామ్ టెస్టులో స్పిన్నర్లు బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్ నలుగురూ కలిసి ఆడారు. ఆ మ్యాచ్‌లో కొత్త బంతి వేసినవారిలో వికెట్ కీపర్‌గా పేరున్న బుధి కుందేరన్ ఒకడు. హైదరాబాద్ ఫాస్ట్ బౌలర్ దేవరాజ్ గోవిందరాజ్ 1971లో వెస్టిండీస్, ఇంగ్లండ్ పర్యటనలు రెండింటికీ ఎంపికై, ఒక్క టెస్టు కూడా ఆడకుండానే తిరిగివచ్చాడు. వేగంగా బంతి వేయగలిగిన కుర్రాడికి ఈ ఆటలో తనకు చోటు ఉందన్న నమ్మకం కలగకపోతే, అతడు బ్యాట్ పట్టుకోవడమో స్పిన్ నేర్చుకోవడమో సహజం.

కపిల్ దేవ్ రాకతో ఆ పరిస్థితి మారిందా?

నమ్మకం మారింది, ఏర్పాట్లు మారడానికి మరికొంత కాలం పట్టింది. బొంబాయిలో జరిగిన ఒక శిక్షణ శిబిరంలో తనకు పెట్టిన రెండు చపాతీలు చాలవని, తాను ఫాస్ట్ బౌలర్‌నని కపిల్ చెప్పినప్పుడు, భారతదేశంలో ఫాస్ట్ బౌలర్లే లేరని అక్కడి అధికారి నవ్విన సంగతిని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. 1978లో ఫైసలాబాద్‌లో తొలి టెస్టు ఆడిన ఆ కుర్రాడు 131 టెస్టుల్లో 434 వికెట్లు తీశాడు. అయితే ఇన్నేళ్లూ భారాన్ని ఆయన దాదాపు ఒంటిగానే మోశాడన్నది కూడా మనం మరచిపోకూడదు.

ఏర్పాట్ల విషయంలో మొదటి పెద్ద అడుగు 1987లో చెన్నైలో ఎంఆర్‌ఎఫ్ పేస్ ఫౌండేషన్ ప్రారంభం కావడం. ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీ శిక్షణను నడిపించగా, భారత మాజీ పేసర్ టి.ఎ.శేఖర్ ఆయనకు తోడుగా నిలిచాడు. జవగళ్ శ్రీనాథ్, వెంకటేశ్ ప్రసాద్, జహీర్ ఖాన్ వంటివారు అక్కడ సాన పెట్టుకున్నవారే. పేసర్ కావాలని వెళ్లిన సచిన్ టెండూల్కర్‌ను బ్యాటింగ్ మీద దృష్టి పెట్టమని పంపించినది కూడా అక్కడినుంచే. ఎవరిని తీసుకోవాలో ఎంత ముఖ్యమో, ఎవరిని వేరే దారికి మళ్లించాలో తెలియడం కూడా ఎంపికలో అంతే ముఖ్యం.

జిల్లా మైదానం నుంచి జాతీయ జట్టు వరకు దారి ఎలా ఉంటుంది?

కాగితం మీద మెట్లు స్పష్టంగానే ఉన్నాయి. జిల్లా సంఘం ట్రయల్స్, లీగ్ మ్యాచ్‌లు, ఆపై రాష్ట్ర జట్టు తరఫున 16 ఏళ్లలోపువారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19 ఏళ్లలోపువారికి వినూ మన్కడ్, కూచ్ బెహార్ ట్రోఫీలు, 23 ఏళ్లలోపువారికి మన సి.కె.నాయుడు పేరిట ఉన్న ట్రోఫీ, తర్వాత రంజీ, దులీప్ ట్రోఫీలు, ఇండియా ‘ఎ’ జట్టు. కానీ ఫాస్ట్ బౌలర్లు ఈ మెట్లన్నీ వరుసగా ఎక్కడం అరుదు.

హైదరాబాద్ ఆటో డ్రైవర్ కుమారుడు మహమ్మద్ సిరాజ్ వయసు జట్ల మెట్లన్నీ వరుసగా దాటి వచ్చినవాడు కాడు. టెన్నిస్ బంతితో గల్లీల్లో వేగం సంపాదించి, 21 ఏళ్లు నిండిన తర్వాత 2015లో రంజీ జట్టులోకి వచ్చాడు. మరుసటి ఏడాది 2016-17 సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. ఆ సీజన్‌లో రంజీ మ్యాచ్‌లన్నీ తటస్థ వేదికల్లో జరిగాయి. అంటే ఏ ఒక్క మైదానపు అనుకూలతనో నమ్ముకుని తీసిన వికెట్లు కావవి. అప్పుడు హైదరాబాద్ కోచ్‌గా ఉన్న భరత్ అరుణ్ తర్వాత భారత జట్టు బౌలింగ్ కోచ్‌గా కూడా సిరాజ్‌కు అండగా నిలిచాడు. 2018లో ఇండియా ‘ఎ’ తరఫున బెంగళూరులో ఆస్ట్రేలియా ‘ఎ’పై ఒకే ఇన్నింగ్స్‌లో 59 పరుగులిచ్చి 8 వికెట్లు తీసిన ప్రదర్శన అతణ్ణి టెస్టు జట్టు గుమ్మం దాకా తెచ్చింది.

నెట్ బౌలర్‌గా, అంటే సాధనలో బ్యాటర్లకు బంతులు వేసేవాడిగా, వెళ్లి జట్టులోకి వచ్చిన దారి కూడా ఉంది. తమిళనాడుకు చెందిన నటరాజన్ 2020-21 ఆస్ట్రేలియా పర్యటనకు నెట్ బౌలర్‌గా వెళ్లి, ఆ ఒక్క పర్యటనలోనే మూడు ఫార్మాట్లలోనూ అరంగేట్రం చేశాడు.

సెలక్టర్లు వేగాన్నే చూస్తారా?

వేగం తలుపు తడుతుంది. ఉమ్రాన్ మలిక్ 2022 ఐపీఎల్‌లో గంటకు 157 కి.మీ. వేగంతో, మయాంక్ యాదవ్ 2024లో 156.7 కి.మీ. వేగంతో బంతులు వేసినప్పుడు దేశమంతా వాళ్ల పేర్లే వినిపించాయి. వారిద్దరినీ భారత జట్టుకు ఎంపిక చేశారు కూడా. అది తప్పు కాదు. ఆ వేగం పుట్టుకతో వచ్చేది, శిక్షణతో కొద్దిగా మాత్రమే పెంచగలిగేది. అయితే స్పీడ్ గన్ చూపించేది ఆ ఒక్క బంతి వేగాన్నే. ఉదయం పూట ఆరు ఓవర్లు వేసి, మధ్యాహ్నం ఎండలో మరో ఐదు వేసి, సాయంత్రం మూడో స్పెల్‌కు, అంటే మూడో విడత బౌలింగ్‌కు, వచ్చినప్పుడు ఆ బౌలర్ వేగం ఎంత తగ్గింది, లెంగ్త్ (పిచ్ మీద బంతి పడే చోటు) ఎంత చెదిరింది అన్నది అది చెప్పదు. మా దృష్టిలో టెస్టు బౌలర్‌ను ఎంపిక చేయవలసింది ఆ మూడో స్పెల్ చూసే.

మన ట్రయల్స్ జరిగే తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంటుంది. తెల్లవారేసరికి వందలమంది పిల్లలు కిట్ బ్యాగులతో వరుస కడతారు, ఒక్కొక్కరికి ఆరో పన్నెండో బంతులు దక్కుతాయి, ఆ బంతుల్లోనే తన సర్వస్వం చూపించాలని ప్రతి కుర్రాడూ శక్తికి మించి విసురుతాడు. ఒళ్లు సరిగా వేడెక్కకముందే అలా విసరడం వల్ల గాయపడే ప్రమాదం ఉంది, పైగా ఆరు బంతుల్లో ఎవరు మంచి బౌలరో తెలియదు. ఒక పిల్లవాణ్ణి రెండు రోజులు, వేర్వేరు వేళల్లో, బ్యాటర్‌ను ఎదురుగా నిలబెట్టి చూసే ట్రయల్స్ కావాలి.

వేగంతోపాటు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. బంతి చేతినుంచి వెలువడేటప్పుడు సీమ్ (బంతి మీది కుట్టు) నిటారుగా ఉందా, ముందు కాలు క్రీజులో పడినప్పుడు మోకాలు నిలబడుతుందా లేక కూలుతుందా, ఫోర్ కొట్టించుకున్న తర్వాతి బంతి ఎక్కడ పడింది, అలసిపోయినప్పుడు రనప్ (బంతి వేయడానికి తీసే పరుగు) ఒకే తీరుగా ఉందా. ఇవన్నీ బౌండరీ దగ్గర కాకుండా, అంపైర్ వెనకనో పక్కనో నిలబడితేనే కనిపిస్తాయి. ఒక స్పెల్ పూర్తయ్యాక పాపింగ్ క్రీజు దగ్గరకు వెళ్లి నేల చూడండి. బౌలర్ ముందు పాదం పడిన గుర్తులు ఒకేచోట గుంటలా ఏర్పడితే అతడి యాక్షన్ స్థిరంగా ఉన్నట్టు. అవి అటూ ఇటూ చెదిరి ఉంటే వేగం ఎంత ఉన్నా అదుపు ఇంకా రాలేదని అర్థం.

ఎత్తు తప్పనిసరా?

మేలు చేస్తుంది, తప్పనిసరి కాదు. వెస్టిండీస్ దిగ్గజం మాల్కమ్ మార్షల్ ఆరడుగుల మనిషి కాడు.

మా అబ్బాయి యాక్షన్ వింతగా ఉంది. మార్పించాలా?

వింతగా కనిపించడం వేరు, ప్రమాదకరంగా ఉండడం వేరు. జస్‌ప్రీత్ బుమ్రా రనప్ చిన్నది, బౌలింగ్ చేతి కదలిక ఏ పాఠ్యపుస్తకంలోనూ లేనిది. చిన్నతనంలోనే ఎవరైనా దాన్ని సరిదిద్ది ఉంటే, వికెట్‌కు 20 పరుగుల లోపు సగటుతో 200 టెస్టు వికెట్లు తీసిన బౌలర్ మనకు దక్కేవాడే కాదు.

ప్రమాదం ఉన్నది మిశ్రమ యాక్షన్‌లో. బంతి వదిలే సమయంలో నడుము ఒక దిక్కును, భుజాలు మరో దిక్కును చూస్తూ ఉంటే, వాటి మధ్యనున్న వెన్నెముక దిగువ భాగం మెలిపడుతుంది. ప్రతి బంతికీ ముందు పాదం నేలను తాకినప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల బలం తిరిగి పైకి వస్తుంది, మెలిపడిన వెన్ను దాన్ని తట్టుకోవలసి ఉంటుంది. నడుము, భుజాలు రెండూ పక్కకు తిరిగి ఉన్నా, రెండూ ఎదురుగా ఉన్నా ఇబ్బంది తక్కువ. కాబట్టి పిల్లవాడి యాక్షన్‌ను పక్కనుంచి, వెనకనుంచి ఫోన్‌లో నెమ్మదిగా కదిలేలా చిత్రీకరించి, అనుభవమున్న కోచ్‌కు చూపించండి. మార్చవలసి వస్తే చిన్న వయసులోనే మార్చాలి. ఇరవై దాటిన బౌలర్ యాక్షన్‌ను పూర్తిగా మార్చబోతే వేగం పోయి, గాయం మాత్రం మిగిలిపోయిన సందర్భాలు ఉన్నాయి. బంతి వేసేటప్పుడు వంగిన మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదన్న అంతర్జాతీయ నియమాన్ని కూడా ఆ వయసులోనే సరిచూసుకోవడం మంచిది.

ఫాస్ట్ బౌలర్లకు వెన్ను గాయాలే ఎందుకు ఎక్కువ?

వెన్నుపూసల వెనుక భాగంలో సన్నని ఎముక వంతెన ఒకటి ఉంటుంది. ఒకే ఒత్తిడి మళ్లీ మళ్లీ పడుతుంటే అక్కడ మొదట వాపు, తర్వాత వెంట్రుకవాసి చీలిక ఏర్పడతాయి. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కుడిచేతి బౌలర్‌కు సాధారణంగా ఎడమవైపున, ఎడమచేతి బౌలర్‌కు కుడివైపున వస్తుంది. నడుము కింది భాగంలోని ఆ ఎముక గట్టిపడడం ఇరవై ఏళ్లు దాటాక కూడా కొనసాగుతూనే ఉంటుంది. అందుకే పదిహేను నుంచి ఇరవై రెండు మూడేళ్ల వరకు, అంటే సరిగ్గా కుర్రాడు ఎదిగివచ్చి అన్ని జట్లూ అతణ్ణి కోరుకునే వయసులోనే, ఈ గాయం ఎక్కువగా కనిపిస్తుంది.

ఉదాహరణకు దూరం వెళ్లనవసరం లేదు. బుమ్రాకు 2019లో నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. 2022లో మళ్లీ వెన్ను గాయంతో టీ20 ప్రపంచ కప్‌కు దూరమయ్యాడు, 2023లో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స చేయించుకుని ఆ ఆగస్టులో ఐర్లాండ్ పర్యటనతో తిరిగివచ్చాడు. 2024-25 ఆస్ట్రేలియా పర్యటనలో ఐదు టెస్టుల్లో 32 వికెట్లు తీసి, సిడ్నీలో చివరి ఇన్నింగ్స్‌లో బౌలింగ్ చేయలేకపోయాడు. ఆస్ట్రేలియాకు చెందిన ప్యాట్ కమిన్స్ 2011లో పద్దెనిమిదేళ్ల వయసులో జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి, రెండో టెస్టు ఆడడానికి 2017 మార్చి వరకు, మన రాంచీ దాకా, ఆగవలసి వచ్చింది. చెన్నైలో మన బౌలర్లకు నేర్పిన లిల్లీ కూడా 1973లో వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్లతో ఆగిపోయి, యాక్షన్‌ను మార్చుకుని తిరిగివచ్చినవాడే. వారు తిరిగి నిలబడగలిగింది వెనుక ఓపిక పట్టిన వ్యవస్థ, వైద్యం ఉండడం వల్లనే. జిల్లా స్థాయిలో అదే నొప్పితో బౌలింగ్ మానేసిన కుర్రాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. బౌలింగ్ చేసే పిల్లవాడు నడుముకు ఒకవైపున, ముఖ్యంగా వెనక్కు వంగినప్పుడు నొప్పి ఉందని చెబితే, బామ్ రాసి మర్నాడు మ్యాచ్‌కు పంపకండి. మామూలు ఎక్స్‌రేలో ఈ చీలిక తొలిదశలో కనిపించకపోవచ్చు. ఎమ్‌ఆర్‌ఐ అవసరమో కాదో ఎముకల వైద్యుడు, వీలైతే క్రీడా వైద్యంలో అనుభవమున్నవారు తేల్చాలి. తొలిదశలో పట్టుకుంటే కొన్ని వారాలు, నెలల విశ్రాంతితో మానే గాయం, దాచిపెడితే ఆటనే మింగేస్తుంది.

వారానికి ఎన్ని ఓవర్లు వేయవచ్చు?

అందరికీ వర్తించే సంఖ్య లేదు, కానీ హద్దులు ఉన్నాయి. ఇంగ్లండ్ బోర్డు చాలాకాలం అమలు చేసిన నియమావళిలో 13 ఏళ్లలోపు పిల్లలకు ఒక స్పెల్‌కు 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లు మాత్రమే అనుమతించారు. 14, 15 ఏళ్లవారికి స్పెల్‌కు 6, రోజుకు 12. మన దగ్గర వచ్చే చిక్కు ఏమిటంటే, ఒకే కుర్రాడు ఉదయం అకాడమీ నెట్స్‌లో, మధ్యాహ్నం స్కూల్ జట్టుకు, ఆదివారం క్లబ్‌కు, సెలవుల్లో టెన్నిస్ బాల్ టోర్నమెంటుకు బౌలింగ్ చేస్తాడు. నలుగురు కోచ్‌లు ఉంటారు, అతడు మొత్తం ఎన్ని బంతులు వేశాడో ఒక్కరికీ తెలియదు. అందువల్ల ఆ లెక్క ఇంట్లోనే ఉండాలి. ఒక నోట్‌బుక్‌లో ప్రతిరోజూ నెట్స్‌తో సహా వేసిన బంతులు రాయించండి.

మొత్తం సంఖ్య కన్నా అకస్మాత్తుగా పెరగడమే ఎక్కువ హాని చేస్తుంది. పరీక్షల కోసం రెండు నెలలు ఆట మానేసి, వేసవి శిబిరంలో మొదటి వారమే రోజుకు వంద బంతులు వేసే పిల్లవాడు ప్రమాదంలో ఉన్నట్టే. అలాగని బొత్తిగా వేయనివ్వకపోవడమూ మంచిది కాదు. క్రమంగా పెంచుకుంటూ పోయిన బౌలింగే శరీరాన్ని బౌలింగ్‌కు సిద్ధం చేస్తుంది. టీ20లో రోజుకు నాలుగు ఓవర్లకు అలవాటుపడిన బౌలర్‌ను వారం తిరగకుండా టెస్టులో ఇరవై ఓవర్లు వేయమంటే వచ్చే ముప్పు కూడా ఇదే.

ఐపీఎల్ ప్రదర్శన చూసి టెస్టు జట్టుకు ఎంపిక చేయడం సబబేనా?

ఐపీఎల్ వల్ల మేలు జరగలేదనలేము. బుమ్రా దేశానికి పరిచయమైనది 2013లో ముంబయి ఇండియన్స్ జట్టుతోనే. కానీ అతడు 2018 జనవరిలో కేప్‌టౌన్‌లో తొలి టెస్టు ఆడేనాటికి గుజరాత్ తరఫున రంజీ ఆడిన అనుభవం ఉన్నవాడు. ఐపీఎల్ యార్కర్‌ను (బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతిని), నెమ్మది బంతిని, ఒత్తిడిలో ధైర్యాన్ని చూపిస్తుంది. పాత బంతితో, వికెట్ పడని మధ్యాహ్నం వేళ, ఒకే లెంగ్త్‌లో గంటసేపు వేయగలడా అన్నది రంజీ, ‘ఎ’ జట్టు మ్యాచ్‌లే చూపించగలవు.

బంతి మారితే బౌలర్ కూడా మారాలా?

కొంతవరకు మారాలి. మన దేశంలో వాడే ఎస్‌జీ బంతికి సీమ్ ఎత్తుగా ఉండి ఎక్కువసేపు నిలుస్తుంది. ఆస్ట్రేలియాలో వాడే కూకబురా సీమ్ పాతిక ఓవర్లు దాటాక అణిగిపోతుంది కాబట్టి అక్కడ పిచ్‌ను బలంగా తాకించే బౌలర్ కావాలి. ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ చాలాసేపు స్వింగ్ అవుతుంది. విదేశీ పర్యటనకు ముందు ‘ఎ’ జట్టును అదే దేశానికి పంపించడంలోని ప్రయోజనం ఇదే. 2018లో దక్షిణాఫ్రికాలో మూడు టెస్టుల్లోనూ ఇరవయ్యేసి వికెట్లు తీయగలిగామంటే, ఒకరిద్దరి ప్రతిభ మీద కాక నలుగురైదుగురు భిన్నమైన పేసర్ల మీద ఆధారపడగలిగే స్థితికి వచ్చినందువల్లనే.

బెంగళూరు కేంద్రంలో ఏం జరుగుతుంది?

2000లో మొదలైన జాతీయ క్రికెట్ అకాడమీ 2024 సెప్టెంబరులో బెంగళూరు శివార్లలో మూడు మైదానాలతో కొత్త సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా రూపుదిద్దుకుంది. 2021 చివర్లో హైదరాబాదీ వి.వి.ఎస్.లక్ష్మణ్ అకాడమీ బాధ్యతలు చేపట్టారు. గాయపడిన బౌలర్ కోలుకోవడం, మళ్లీ ఓవర్లు క్రమంగా పెంచడం, ఆడడానికి సిద్ధమని ధ్రువీకరించడం అక్కడే జరుగుతాయి. 2024 ఫిబ్రవరిలో బోర్డు ఆకాశ్ దీప్, ఉమ్రాన్ మలిక్, యశ్ దయాళ్, విజయ్‌కుమార్ వైశాఖ్, విద్వత్ కావేరప్పలకు ప్రత్యేకంగా ఫాస్ట్ బౌలింగ్ కాంట్రాక్టులు ఇచ్చింది. జాతీయ జట్టులో స్థిరపడకముందే బౌలర్‌ను సంరక్షించాలన్న ఈ ఆలోచన ఎంతో మెచ్చదగినది. ఆ ఐదుగురిలో ఆకాశ్ దీప్ 2025లో బర్మింగ్‌హామ్ టెస్టులో పది వికెట్లు తీశాడు.

శారీరక పరీక్షల్లో ఏం ఉంటాయి?

యో-యో పరీక్షతోపాటు (అటూ ఇటూ పరుగెత్తే ఓర్పు పరీక్ష) 2021లో రెండు కిలోమీటర్ల పరుగును ప్రవేశపెట్టినప్పుడు, బ్యాటర్లు, స్పిన్నర్లకు 8 నిమిషాల 30 సెకన్లు, ఫాస్ట్ బౌలర్లకు 8 నిమిషాల 15 సెకన్లు గడువు పెట్టారు. పదిహేను సెకన్లు తక్కువ ఇవ్వడంలోనే ఫాస్ట్ బౌలర్ నుంచి ఏం ఆశిస్తున్నారో తెలుస్తుంది. జిమ్‌లో బరువులు ఎత్తడం అవసరమే, కానీ పరుగుకు అది ప్రత్యామ్నాయం కాదు.

అమ్మాయిలకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయా?

వర్తిస్తాయి. మహిళల వన్డేల్లో 255 వికెట్లు తీసిన ఝులన్ గోస్వామి మార్గం చూపించింది. హైదరాబాద్ పేసర్ అరుంధతి రెడ్డి 2024 డిసెంబరులో పెర్త్‌లో ఆస్ట్రేలియాపై 26 పరుగులకే 4 వికెట్లు తీసింది. అమ్మాయిల జట్లలో మ్యాచ్‌లు తక్కువ కాబట్టి, ఓవర్లు ఎక్కువ కావడం కన్నా తగినన్ని దొరకకపోవడమే అక్కడ పెద్ద కొరత.

తెలుగు రాష్ట్రాల నుంచి పేసర్లు తక్కువగా ఎందుకు వస్తున్నారు?

మన దగ్గర వేగానికి కొదవ లేదన్నది మా గట్టి నమ్మకం. 1967లో అడిలైడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీసిన మీడియం పేసర్ ఆబిద్ అలీ హైదరాబాదీయే. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024లో పేస్ ఆల్‌రౌండర్‌గా టెస్టు జట్టులోకి వచ్చాడు. కొరత అంతా టర్ఫ్ వికెట్లలో, అంటే మట్టి, గడ్డితో తయారుచేసిన పిచ్‌లలో ఉంది. జిల్లాల్లో చాలాచోట్ల ఇంకా మ్యాట్ మీదే ఆడుతున్నారు. మ్యాట్ మీద బంతి దానంతటదే ఎగురుతుంది కాబట్టి కుర్రాడు లెంగ్త్ నేర్చుకోడు, మొదటిసారి టర్ఫ్ మీద వేసినప్పుడు అదే బంతి బ్యాటర్ కాళ్ల మీదికి వెళుతుంది. ఉమ్మడి జిల్లాకు కనీసం రెండేసి మంచి టర్ఫ్ వికెట్లు, వాటిని చూసుకునే నేర్పరి క్యూరేటర్ ఉంటే, మరో అకాడమీ కట్టడం కన్నా ఎక్కువ ఫలితం వస్తుంది.

మొదటి మ్యాచ్‌లలో విఫలమైన బౌలర్‌ను సెలక్టర్లు ఎంతకాలం నమ్మాలి?

దీనికి మళ్లీ సిరాజ్ దగ్గరకే వెళదాం. 2017లో రాజ్‌కోట్‌లో తొలి టీ20లో నాలుగు ఓవర్లకు 53 పరుగులిచ్చాడు. 2019 జనవరిలో అడిలైడ్‌లో తొలి వన్డేలో 76 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. అక్కడితో అతడి పేరు కొట్టివేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ‘ఎ’ జట్టులో ఎర్రబంతితో అతడు వేసిన ఓవర్లను సెలక్టర్లు చూశారు. 2020 నవంబరులో జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి మరణించారు, అయినా అక్కడే ఉండిపోయి డిసెంబరులో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు, మరుసటి నెల బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు.

2025లో ఇంగ్లండ్‌లో బుమ్రాను ముందే నిర్ణయించిన ప్రకారం మూడు టెస్టులకే పరిమితం చేసినప్పుడు, సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో చివరి టెస్టు నాలుగో రోజు ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉండగా సిరాజ్ పట్టిన క్యాచ్, కాలు బౌండరీ తాడును తాకడంతో సిక్సర్‌గా మారింది, బ్రూక్ 111 పరుగులు చేశాడు. మరునాడు, ఆగస్టు 4న ఉదయం, ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావలసి ఉండగా అతడే మళ్లీ బంతి అందుకున్నాడు. మిగిలిన నాలుగు వికెట్లలో మూడు అతడివే. సిరీస్‌లో వేసిన ఆ చిట్టచివరి బంతి, అంత శ్రమ తర్వాత కూడా గంటకు 140 కి.మీ. దాటిన వేగంతో వచ్చిన యార్కర్, గస్ అట్కిన్సన్ ఆఫ్ స్టంప్‌ను లేపేసింది. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది.